షాల్కే బొగ్గు బాయి బిడ్డ ఎర్న్‌స్ట్ కుజోరా



ఈ ప్రత్యేక సంచికకు తలా ఒక ప్రముఖుని జీవితం రాయమని సంపాదకవర్గం కోరినప్పుడు నేను వెంటనే ఎర్న్‌స్ట్ కుజోరా పేరు ఇచ్చాను. గాంధీగారి గురించి, విశ్వేశ్వరయ్యగారి గురించి రాయగలిగినవారు మనలో చాలామంది ఉన్నారు. బాయిలో దిగి, బంతి ఆడి, ఒక దేశమంతా పేరు మోగించిన మనిషి గురించి రాసేవాడిని నేనొక్కడినే అయి ఉంటాననుకున్నాను. తీరా కూర్చుంటే రెండు వారాలు కలం సాగలేదు. ఈయన కథ నేను ఎన్నో ఏళ్లుగా జూనియర్లకు, పిల్లలకు, మనవలకు చెబుతూ వచ్చాను. చెప్పిన ప్రతిసారీ ఒక భాగం వదిలేశాను. మొదట తెలియక వదిలేశాను, తరువాత తెలిసి కూడా వదిలేశాను. అచ్చులో మాత్రం వదలకూడదని నిశ్చయించుకుని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను 1966లో సింగరేణిలో ఫిల్లర్‌గా చేరాను. తట్టా చెమ్మస్ పట్టినవాణ్ణే సర్దార్ పరీక్ష, ఓవర్‌మన్ పరీక్ష పాసై 2001లో రిటైరయ్యాను. 1974లో జర్మనీలో ప్రపంచ కప్ ఫుట్‌బాల్ జరిగినప్పుడు మా కార్మికుల క్లబ్బులో పేపరు కోసం పోటీ పడేవాళ్లం. ఆ ఆటలు జరిగిన ఊళ్లలో గెల్సెన్‌కిర్షెన్ అనే ఊరు ఒకటి. అది మన కొత్తగూడెం, బెల్లంపల్లి లాంటి బొగ్గు ఊరని, అక్కడి షాల్కే క్లబ్బును పెట్టింది, పెంచింది పొట్ట చేత పట్టుకుని వలస వచ్చిన గని కార్మికుల కుటుంబాలని ఒక పాత క్రీడా పత్రికలో చదివాను. ఆ పేజీలోనే కుజోరా ఫోటో ఉంది. అప్పటి నుంచి ఆయన నాకు ఇంటి మనిషి అయిపోయాడు.

వలస వచ్చిన ఊరు

జర్మనీ పశ్చిమ భాగంలో రూర్ అనే ప్రాంతం ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడ లోతైన గనులు తవ్వడం మొదలయ్యాక పల్లెలన్నీ పట్టణాలయ్యాయి. షాల్కే కూడా ముందు పల్లె. 1903లో దాన్ని గెల్సెన్‌కిర్షెన్ నగరంలో కలిపారు. గనులకు మనుషులు చాలక కంపెనీలు దేశం తూర్పు కొసకు ఏజెంట్లను పంపాయి. అక్కడ తూర్పు ప్రష్యాలో మసూరియా అనే సరస్సుల ప్రాంతం ఉంది. భూమి సారం తక్కువ, బతుకు కష్టం. అక్కడి రైతు బిడ్డలు కుటుంబాలతో రైలెక్కి వచ్చి గెల్సెన్‌కిర్షెన్‌లో దిగారు.

ఈ మసూరియన్లది చిత్రమైన పరిస్థితి. ఇంట్లో మాట్లాడేది పోలిష్ యాస. మతం ప్రొటెస్టెంట్. విధేయత ప్రష్యా రాజుకు. కేథలిక్కులైన అసలు పోలిష్ కార్మికులతో వీరికి పొత్తు కుదరలేదు. స్థానిక జర్మన్లు మాత్రం ఇద్దరినీ ఒకే గాటన కట్టి ఒకే తిట్టుపేరుతో పిలిచేవారు. మన గనులకు గోరఖ్‌పూర్ నుంచి వచ్చినవారి సంగతి, వారి మాటకు క్యాంపులో జనం నవ్విన సంగతి మన పెద్దలకు గుర్తుండే ఉంటుంది.

కంపెనీ కట్టించిన వరుస ఇళ్లలో ఈ కుటుంబాలు ఉండేవి. ప్రతి ఇంటి వెనుక కూరగాయల మడి, ఒక మేక. మేకకు వారు పెట్టుకున్న ముద్దుపేరు గనివాడి ఆవు. పందెం పావురాలను పేదవాడి రేసుగుర్రాలు అనేవారు. ఎనిమిది గంటలు చీకటిలో పనిచేసినవాడికి ఆకాశంలో ఎగిరే పావురాన్ని చూస్తే ఎంత హాయిగా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

1904 మే 4న షాల్కేలో కొందరు కుర్రాళ్లు, చాలామంది గనిలోనో ఫ్యాక్టరీలోనో పని నేర్చుకుంటున్నవాళ్లు, వెస్ట్‌ఫాలియా షాల్కే అనే పేరుతో బంతి ఆట క్లబ్బు పెట్టుకున్నారు. వారికి సొంత మైదానం లేదు. ఫుట్‌బాల్ సంఘం వారిని సభ్యులుగా చేర్చుకోలేదు. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ ఆఫీసర్ల పిల్లల ఆట, కాలేజీవాళ్ల ఆట. చివరికి 1912లో ఒక వ్యాయామ సంఘం నీడన చేరితే గాని వారికి పోటీల్లో చోటు దొరకలేదు. 1924లో మళ్లీ విడిపోయి షాల్కే 04 అన్న పేరు పెట్టుకుని నీలం, తెలుపు రంగులు తీసుకున్నారు. ఆ 04 పుట్టిన సంవత్సరం గుర్తు.

క్లబ్బు పుట్టిన ఏడాదిన్నరకు, 1905 అక్టోబర్ 16న, అదే షాల్కేలో కుజోరా పుట్టాడు. తండ్రి మసూరియా నుంచి వచ్చిన గని కార్మికుడు. బడి చదువు ముగియగానే కొడుకూ తండ్రి దారినే కన్సాలిడేషన్ గనిలో చేరాడు. అక్కడివాళ్లు దాన్ని ముద్దుగా కన్సోల్ అంటారు. క్లబ్బు అధ్యక్షుడు ఫ్రిట్జ్ ఉంకెల్ ఆ గనిలోనే మెటీరియల్ స్టోర్స్ చూసే అధికారి. పొద్దున స్టోర్‌లో కనిపించిన మనిషే సాయంత్రం మైదానంలో అధ్యక్షుడు. కుర్రాళ్లు ఆయన్ను నాన్నగారిలా చూసుకునేవారు.

బొంగరం ఆట

అప్పట్లో జర్మనీలో ఫుట్‌బాల్ అంటే బంతిని ఎత్తుగా తన్ని దాని వెంట పరిగెత్తడమే. ఇంగ్లాండులో పెరిగి వచ్చిన బాల్‌మన్ సోదరులిద్దరు మొదటి ప్రపంచ యుద్ధం తరువాత షాల్కేలో చేరి, బంతిని నేల మీదనే ఉంచి దగ్గర దగ్గరగా అందించుకునే పద్ధతి నేర్పారు. ఆ విత్తనాన్ని చెట్టు చేసినవాడు కుజోరా. ఆయనకు జోడీగా 1925లో ఫ్రిట్జ్ షెపాన్ అనే మరో మసూరియన్ కార్మికుడి కొడుకు మొదటి టీమ్‌లోకి వచ్చాడు. రెండేళ్లు చిన్నవాడు. తరువాత కుజోరా తోబుట్టువునే పెళ్లి చేసుకున్నాడు.

ఇద్దరు బావమరుదులు కలిసి ఆడుతుంటే బంతి ఒకరి కాలి నుంచి ఒకరికి, మూడో మనిషికి, మళ్లీ మొదటి మనిషికి తిరుగుతూనే ఉండేది. ఎదుటివాడు దాని వెంట పరిగెత్తి పరిగెత్తి అలసిపోయేవాడు. జర్మన్లు ఈ ఆటకు పెట్టిన పేరు క్రైజల్. అంటే మన పిల్లలు తిప్పే బొంగరమే. షెపాన్‌ది ఆలోచన, ఎక్కడ ఎవరుంటారో తెలిసిన కన్ను. కుజోరాది బలం, మొండితనం, గోలు దగ్గరికి వచ్చాక వెనక్కి చూడని గుణం.

నాకు ఈ ఆటలో మన పని కనిపిస్తుంది. ఫేసులో ఒకడు తవ్వుతాడు, ఒకడు తట్ట ఎత్తుతాడు, ఒకడు టబ్బు నెడతాడు. మాటలు ఉండవు. పక్కవాడి దీపం ఎటు తిరిగిందో చూసి మన చెయ్యి ఎటు పోవాలో తెలుస్తుంది. చీకట్లో అలా పనిచేసిన ఇళ్ల పిల్లలకు ఈ ఆట అబ్బడంలో ఆశ్చర్యం లేదు.

1928లో క్లబ్బుకు సొంత స్టేడియం వచ్చింది. స్థలం కన్సోల్ గనిదే. దానికి పెట్టిన పేరు గ్లుక్‌ఔఫ్ మైదానం. బాయిలో దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు అక్కడి కార్మికులు ఒకరినొకరు పలకరించుకునే మాట గ్లుక్‌ఔఫ్. క్షేమంగా పైకి రా అని దాని భావం. ఊళ్లో ఏ ఇంటి నుంచి చూసినా ఒక పక్క గని చక్రాలు, ఒక పక్క స్టేడియం కనిపించేవి.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. పేరు వచ్చాక కుజోరాకు బాయి పని పేరుకే మిగిలింది. మస్టర్ పడేది, బరువు పని తోటివారు చూసుకునేవారు. ఆయన తవ్విన బొగ్గు ఎంతో ఎక్కువని కథలు అల్లక్కర్లేదు. తోటివారికి ఆ ఫిర్యాదూ లేదు. ఆదివారం మైదానంలో ఆయన చేసేది తమ వాటా పని కూడా అనుకున్నారు.

పది మార్కుల పాపం

ఆ కాలంలో జర్మనీలో ఆటకు జీతం తీసుకోవడం నిషిద్ధం. దారి ఖర్చుల కింద కొద్ది మార్కులు మాత్రం ఇవ్వవచ్చు. షాల్కే మ్యాచ్‌లకు వేల జనం, గేటు డబ్బు దండిగా వచ్చేది. ఆడేవాళ్లు మాత్రం షిఫ్టు పోగొట్టుకుని వచ్చే కార్మికులు. క్లబ్బు వారికి నిబంధన కన్నా కాస్త ఎక్కువ ముట్టజెప్పింది. ఇతర క్లబ్బులు చేయని పనేమీ కాదు. కానీ 1930 ఆగస్టు 25న పశ్చిమ జర్మనీ సంఘం షాల్కే మొదటి టీమ్‌లో 14 మందిని వృత్తి ఆటగాళ్లుగా ప్రకటించి బహిష్కరించింది. వారిలో కుజోరా, షెపాన్ ఇద్దరూ ఉన్నారు.

ఆ దెబ్బకు మొదట కూలిపోయినవాడు ఆటగాడు కాదు, క్లబ్బు కోశాధికారి విల్లీ నీర్. లెక్కలు ఆయన చేతి మీదుగా నడిచాయి. అవమానం భరించలేక ఆయన కాలువలో దూకి ప్రాణం తీసుకున్నాడు. సంఘాలకు లెక్కలు రాసినవారు మనలో ఎందరో ఉన్నారు. నలుగురి మేలు కోసం రాసిన అంకె నాలుగు వేళ్లూ తనవైపే చూపించిన రోజు మనిషికి ఎలా ఉంటుందో వారికి తెలుసు. షాల్కే చరిత్రలో కప్పుల జాబితా పొడుగ్గా ఉంటుంది. నా దృష్టిలో ఆ జాబితా మొదట రాయవలసిన పేరు ఈయనది.

బహిష్కరణ మీద ఊరంతా గగ్గోలు పెట్టింది. ఏడాది తిరగకముందే శిక్ష ఎత్తివేశారు. 1931 జూన్ 1న ఫోర్టునా డ్యూసెల్‌డార్ఫ్‌తో స్నేహపూర్వక మ్యాచ్ పెట్టారు. సుమారు 70,000 మంది వచ్చారు. స్టేడియం కట్టింది అందులో సగం మందికి. జనం గీత దాకా వచ్చి కూర్చున్నారు. బజారు, గని కాలనీ అన్నీ ఖాళీ. కుజోరా మళ్లీ నీలం చొక్కా వేసుకుని మైదానంలోకి వచ్చాడు.

1934 జూన్ 24

జాతీయ చాంపియన్‌షిప్ ఫైనల్‌కు షాల్కే 1933లో వెళ్లి అదే ఫోర్టునా చేతిలో 3–0తో ఓడింది. మరుసటి ఏడాది బెర్లిన్‌లో ఫైనల్. ఎదుట న్యూరెంబర్గ్, అప్పటికే ఎన్నోసార్లు గెలిచిన పాత కాపులు. ఆ నెలలోనే ఇటలీలో జరిగిన ప్రపంచ కప్‌లో జర్మనీకి షెపాన్ కెప్టెన్‌గా మూడో స్థానం తెచ్చాడు. కుజోరాను మాత్రం జాతీయ కోచ్ ఆ టీమ్‌లోకి తీసుకోలేదు. ఆ కోచ్‌తో ఆయనకు పొసగలేదు. జర్మనీ తరఫున ఆయన మొత్తం మీద ఆడింది 12 మ్యాచ్‌లే, వేసింది 7 గోల్స్. ఆ స్థాయి ఆటగాడికి అది చాలా తక్కువ.

ఫైనల్ నాటికి కుజోరాకు హెర్నియా ఉంది. అయినా ఆడాడు. రెండో సగంలో న్యూరెంబర్గ్ ఒక గోల్ వేసింది. ఆట ముగియడానికి రెండు మూడు నిమిషాల ముందు షెపాన్ సమం చేశాడు. చివరి నిమిషంలో బంతి కుజోరాకు దొరికింది. నొప్పి పళ్ల బిగువున పట్టి తన్నాడు. బంతి వలలో పడింది, ఆయన స్పృహ తప్పి నేల మీద పడ్డాడు. షాల్కే 2–1తో జర్మనీ చాంపియన్ అయింది. రైలు ఇంటికి వస్తుంటే దారిలో స్టేషన్‌లన్నీ జనంతో నిండిపోయాయి.

నేను ప్రతిసారీ చెప్పిన కథ ఇదే. చెప్పడానికి నాకొక కారణం ఉంది. టబ్బులు నెట్టి నెట్టి 1978లో నాకూ హెర్నియా వచ్చింది. బయట పెడితే తేలిక పనికి మారుస్తారు, రోజుకు రావలసిన ఇంక్రిమెంట్ పోతుంది. ఇంట్లో చెల్లెలి పెళ్లి ఉంది. తువ్వాలు బిగించి కట్టుకుని ఐదు నెలలు దాచాను. ఒక రోజు ఇంక్లైన్‌లో కూలబడ్డాను. తోటివాళ్లు టబ్బులో పడుకోబెట్టి పైకి తెచ్చారు. ఆపరేషన్ అయ్యాక మంచం మీద నాకు గుర్తొచ్చింది కుజోరాయే. ఆయన గోల్ వేసి పడ్డాడు, నేను ఏమీ వేయకుండా పడ్డాను, అంతే తేడా అని నా భార్యతో నవ్వుతూ చెప్పాను. ఆమె నవ్వలేదు. బాధ దాచడం గొప్ప కాదని తరువాత నా పిల్లలకు చెప్పాను గాని, ఆ రోజుల్లో కుజోరా నాకు ధైర్యం ఇచ్చాడు. ఆ ఋణం ఉంది.

నేను వదిలేసిన భాగం

1934 అన్న అంకె చూడగానే పాఠకులకు మరో సంగతి తట్టే ఉంటుంది. అంతకు ముందు ఏడాది జనవరిలో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. షాల్కే మహర్దశ అంతా ఆ పాలనలోనే సాగింది. 1934, 1935, 1937, 1939, 1940, 1942 సంవత్సరాల్లో ఆరుసార్లు జాతీయ చాంపియన్. 1939 ఫైనల్‌లో వియన్నా టీమ్ అడ్మిరాను 9–0తో ఓడించారు. 1941లో మరో వియన్నా టీమ్ రాపిడ్ మీద మూడు గోల్స్ ముందుండి కూడా 4–3తో ఓడిపోయారు. కార్మికుల క్లబ్బు గెలుపును ప్రభుత్వం తన ఘనతగా ఊరేగించింది. క్లబ్బు ఎదురు చెప్పలేదు.

1934 గెలుపు తరువాత పోలెండ్ పత్రికలు ఈ కప్పు మనవాళ్లదే అని రాశాయి. టీమ్‌లో పేర్లు చూస్తే అలాగే అనిపిస్తుంది: కుజోరా, షెపాన్, టిబుల్‌స్కీ, కల్విట్స్కీ. ఆ కాలపు జర్మనీలో అలాంటి పొగడ్త ప్రమాదం. క్లబ్బు ఒక క్రీడా పత్రికకు ఉత్తరం రాసి, మా ఆటగాళ్ల తల్లిదండ్రులందరూ జర్మన్ గడ్డ మీద పుట్టినవారే, పోలిష్ వలసవారు కారు అని పేరు పేరునా లెక్క చూపింది. ఎన్నో ఏళ్లు తమను అవమానించిన ఆ తిట్టుపేరు నుంచి తప్పించుకోవడానికి వారికి అదొక దారి అయింది. ఆ ఉత్తరం నాకు అర్థమవుతుంది. దాని వెనుకనే మరో తలుపు మూసుకుపోయింది. నేను వదిలేస్తూ వచ్చిన సంగతి అది.

క్లబ్బు ఉపాధ్యక్షుడు పాల్ ఐఖెన్‌గ్రూన్ పళ్ల డాక్టర్, యూదుడు. 1933లోనే ఆయన పదవి వదులుకోవలసి వచ్చింది. మిగతా యూదు సభ్యులూ దూరమయ్యారు. జూనియర్ టీమ్‌లో ఆడిన ఎర్న్‌స్ట్ అలెగ్జాండర్ అనే యూదు యువకుడు నెదర్లాండ్స్‌కు పారిపోయాడు. 1942లో ఆష్విట్జ్‌లో అతన్ని చంపేశారు. నిన్నటి దాకా వలసవారని వెక్కిరింపబడిన ఇళ్లు ఇప్పుడు లోపలి మనుషులయ్యాయి. వెలుపలికి నెట్టినవారు వేరే ఉన్నారు.

షాల్కే మార్కెట్‌లో ఒక బట్టల దుకాణం ఉండేది. దాని యజమానులు శాలీ మేయర్, యూలీ లిఖ్ట్‌మన్ అనే ఇద్దరు యూదులు. 1938లో యూదుల వ్యాపారాలను బలవంతంగా అమ్మించి ఇతరులకు కట్టబెట్టే రోజుల్లో ఆ దుకాణం తక్కువ ధరకు షెపాన్ చేతికి వచ్చింది. షెపాన్ అంతకు ముందే పార్టీలో చేరి ఉన్నాడు. ఆ ఇద్దరు యజమానులను 1942లో రీగాకు తరలించారు. వారు తిరిగి రాలేదు. దుకాణం కొన్నది కుజోరా కాదు. కానీ కొన్నవాడు ఆయన బావమరిది, పాతికేళ్లు పక్కన ఆడిన జోడీ. దుకాణం ఉన్నది కుజోరా పుట్టిన పేటలో. ఆ ఊళ్లో ఆదివారం బంతి ఎవరి కాలి నుంచి ఎవరి కాలికి పోయిందో అందరికీ తెలుసు. సోమవారం ఆ దుకాణం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో కూడా అందరికీ తెలుసు.

యుద్ధం వారినీ వదల్లేదు. ఎడమవైపు ఆడిన అడోల్ఫ్ ఉర్బాన్ 1943లో రష్యా యుద్ధరంగంలో చనిపోయాడు. బాంబు దాడుల్లో గెల్సెన్‌కిర్షెన్ నేలమట్టమైంది. గ్లుక్‌ఔఫ్ మైదానం గుంటలు పడింది. తల్లిదండ్రులు విడిచి వచ్చిన మసూరియా 1945 తరువాత పోలెండ్‌లో కలిసిపోయింది.

చివరి రోజులు

నలభై ఏళ్లు దాటినా కుజోరా ఆడుతూనే ఉన్నాడు. శిథిలాల మధ్య ఆకలితో ఉన్న జనానికి ఆయన మైదానంలో కనిపించడమే ఒక ధైర్యం. 1950లో బ్రెజిల్ నుంచి వచ్చిన అట్లెటికో మినెయిరో టీమ్‌తో మ్యాచ్ ఆడి ఆయన, షెపాన్ ఇద్దరూ వీడ్కోలు తీసుకున్నారు. షెపాన్ తరువాత కోచ్‌గా, క్లబ్బు అధ్యక్షుడిగా కూడా పనిచేసి 1974లో పోయాడు. కుజోరా షాల్కేలోనే సిగరెట్లు, చుట్టల దుకాణం పెట్టుకున్నాడు. అందులోనే ఫుట్‌బాల్ పందేల చీటీలు. దుకాణానికి వచ్చినవాడు చుట్ట కొని, నిన్నటి మ్యాచ్ మీద తీర్పు విని పోయేవాడు. ఇంకో ఊరికి పోయి బతకలేదు, ఇంకో క్లబ్బుకు ఆడలేదు.

1958లో షాల్కే ఏడోసారి చాంపియన్ అయింది. ఆ తరువాత జాతీయ లీగ్ కప్పు మళ్లీ ఆ ఊరికి రాలేదు. 1971లో షాల్కే ఆటగాళ్లు డబ్బు తీసుకుని బీలెఫెల్డ్ టీమ్ చేతిలో కావాలని ఓడిపోయారు. పైగా కోర్టులో అబద్ధపు ప్రమాణాలు చేసి శిక్షలు పడ్డారు. గెలిచిన కార్మికులకు నాలుగు మార్కులు ఎక్కువ ఇచ్చినందుకు 1930లో ఒక మనిషి ప్రాణం పోయింది. అదే క్లబ్బులో ఓడిపోవడానికి వేల మార్కులు తీసుకున్నారు. 1973లో క్లబ్బు గ్లుక్‌ఔఫ్ మైదానం వదిలి పెద్ద స్టేడియానికి మారింది. 1980లలో మూడుసార్లు కింది డివిజన్‌కు జారింది. 1990 జనవరి 1న, 84వ ఏట, కుజోరా కన్నుమూసే నాటికి షాల్కే రెండో డివిజన్‌లోనే ఉంది. మరుసటి ఏడాది 1991లో పైకి వచ్చింది. ఆయన చూడలేదు.

నేను చూసినది

2014లో మా అమ్మాయి దగ్గరికి డ్యూసెల్‌డార్ఫ్ వెళ్లాను. నా ముచ్చట తెలిసి మా అల్లుడు ఒక ఆదివారం రైల్లో గెల్సెన్‌కిర్షెన్ తీసుకుపోయాడు. పాత గ్లుక్‌ఔఫ్ మైదానం ఇంకా ఉంది. దాని ముందు చౌరస్తాకు కుజోరా పేరు పెట్టారు. కన్సోల్ గనిలో బొగ్గు తీయడం 1993లోనే ఆగిపోయింది. తొమ్మిదో నంబర్ షాఫ్ట్ మీది చక్రాల స్తంభాన్ని మాత్రం గుర్తుగా ఉంచారు. నేను దాని కింద నిలబడి చాలాసేపు పైకి చూశాను. చక్రం తిరగడం లేదు. కొత్త స్టేడియంలో ఆటగాళ్లు మైదానంలోకి వచ్చే దారిని బాయి సొరంగంలా కట్టారని విన్నాను. రూర్ మొత్తంలో చివరి గనిని 2018 డిసెంబర్‌లో మూసేశారు. ఇప్పుడు అక్కడ బాయి మిగిలింది ఆ దారిలోనే.

తిరుగు ప్రయాణంలో అల్లుడు తన ఫోనులో జర్మన్ చదివి నాకు ఆ దుకాణం సంగతి చెప్పాడు. 2001లో కొత్త స్టేడియం దగ్గర ఒక దారికి షెపాన్ పేరు పెట్టాలనుకుని, ఈ చరిత్ర బయటపడి విరమించుకున్నారట. తరువాత క్లబ్బే చరిత్రకారులతో ఆ కాలం మీద పరిశోధన చేయించి 2005లో పుస్తకంగా తెచ్చింది. అలెగ్జాండర్ పేరున ఒక పురస్కారం కూడా పెట్టింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ ఊరుకున్నాను. ఇండియా వచ్చాక కూడా ఆ మాట ఎవరికీ చెప్పలేదు. మన కులదైవం లాంటివాడి ఇంటి సంగతి ఎందుకు బయట పెట్టాలి అనుకున్నాను.

మొన్న వేసవిలో మనవడు వచ్చి మళ్లీ హెర్నియా కథ చెప్పమన్నాడు. ఈసారి గోల్ దగ్గర ఆపలేదు. దుకాణం దాకా చెప్పాను. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత అయితే కుజోరా మంచివాడా కాదా తాతా అని అడిగాడు. మంచి ఆటగాడని, తోటివారిని విడిచి పోనివాడని, ఒక చోట నోరు విప్పవలసిన ఊళ్లో అందరితోపాటు ఉన్నవాడని చెప్పాను. వాడికి అది జవాబు అనిపించలేదు. నాకూ అనిపించలేదు.

మన సంఘం మన గనుల చరిత్ర పుస్తకం తేవాలని తీర్మానించింది. దానికి నాదొక చిన్న మనవి. ఉత్పత్తి రికార్డులు, షీల్డులు, సన్మానాలు తప్పకుండా రాద్దాం. విల్లీ నీర్ లాంటి లెక్కల మనిషి మనకూ ఉంటే అతని పేరు రాద్దాం. మనం క్వార్టర్‌లోకి మారిన రోజు ఎవరు ఖాళీ చేయవలసి వచ్చిందో కూడా రాద్దాం. పెద్దవాళ్లం మనమే వదిలేస్తే తరువాత రాసేవారు ఉండరు.

సెలవు.